నూనెగుడ్డ

మందపాలెం, దివిసీమ
9 జనవరి 1963

మోషే బావకు, చెల్లెలు ఎలీసబెతుకు కృపానందం వందనాలు.

పొద్దున్నుంచి మబ్బు. సముద్రం వైపు నుంచి గాలి. కల్లంలో తడిసిన గోనెలు ఆరవేశాను.

శనివారం పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాను. ఆనందమ్మ పాప సంగతే అడుగుతోంది. నా వేలు పట్టుకుని వదలలేదని చెప్పాను. ఎవరి పోలిక అంటే చెప్పలేకపోయాను. నాకు పసిపిల్లలందరూ ఒకలాగే కనిపిస్తారు.

మీ డిపో గేటు దగ్గర నా మూలాన నువ్వు మాట పడవలసి వచ్చింది. ఎమర్జెన్సీ అని తుపాకులన్నీ తెచ్చి చూపించమంటే బందరు వెళ్లాను. అటునుంచి అటే గుడివాడ రైలెక్కితే పాపను చూసి రావచ్చనుకున్నాను. తుపాకి ఎక్కడ పెట్టాలో ఆలోచించలేదు. చేతిలో గొడుగు ఉన్నట్టు అది ఉండడం నాకు అలవాటు. తుపాకి చుట్టిన గోనె విప్పగానే మీ సెంట్రీ నన్ను గోడ వైపు తిప్పి నిలబెట్టాడు. అతని తప్పు లేదు. చైనా గొడవ చల్లారకముందే మిలిటరీ డిపోకి తుపాకి పట్టుకుని చుట్టపుచూపుగా వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

మీ ఆయుధాల గది, మీరు కోత్ అంటారే, దాని హవల్దారు మంచివాడు. గొట్టం ఖాళీగా ఉందని చూసుకుని, వెనక సుత్తి మీద బొటనవేలు వేయగానే నా మొహం వైపు చూశాడు. సగం ఎత్తి వదిలితే ఆ సుత్తి నిలవదు. పడుతుంది. లోపల తూటా ఉంటే పేలుతుంది. నేను దాని కింద తోలుముక్క పెట్టి నెట్టుకొస్తున్నాను. అతనికి తోలుముక్క మీద నమ్మకం కుదరలేదు. ఎర్రదారంతో సుత్తిని బిగించి కట్టి, దాచినందుకు గుర్తుగా ఇత్తడి బిళ్ల చేతికిచ్చాడు. బిళ్ల భద్రంగా ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు కోత్ మూసి ఉంది, తుపాకి అక్కడే ఉండిపోయింది అని మా కామందు నరసింహారావు గారికి చెప్పాను. తుపాకి ఆయనది, లైసెన్సు ఆయనది. మోసే మనిషిగా కింద నా పేరు ఉంది, అంతే. ఆయన ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే తరవాత అంటారని అర్థం.

ఇక్కడి ఉప్పుగాలికి రోజూ నూనెగుడ్డతో తుడవకపోతే ఇనుము పక్షం రోజుల్లో తుప్పు పడుతుంది. మీ కోత్‌లో గాలి ఎలాంటిదో. ఎంతకాలం ఉండనిస్తారో కనుక్కుని రాయి.

కృపానందం


సప్లై డిపో, గుడివాడ
17 జనవరి 1963

కృపానందం బావకు,

నీ ఉత్తరం అందింది. మీ చెల్లెలు పైకి చదివించుకుని, "మా అన్నయ్య ఉత్తరం చదివితే గోనెలు ఎండాయో లేదో తెలుస్తుంది గాని మనిషి ఎలా ఉన్నాడో తెలియదు" అంది. ఇంకోటి కూడా పట్టింది. నీ ప్రతి ఉత్తరంలోనూ చివర "తుపాకి తుడిచాను" అని ఉంటుందట, ఈసారి లేదట. ఆ మాట లేకపోతే మా అన్నయ్య చేతిరాత కూడా మెత్తగా ఉందండీ అంటోంది. ఆడవాళ్లు ఏం చూస్తారో మనకు తెలియదు. పాపకు లీలావతి అని పేరు పెట్టాం. పోలిక నాదే. ముక్కు మాత్రం మీ వాళ్లది, ఏం చేస్తాం.

కోత్‌లో గాలి ఆడదు, ఉప్పు లేదు. మీ ఊళ్లోకన్నా మంచి ఇల్లు దొరికింది దానికి. కొంతకాలం ఉంచుకోవడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. అయితే రూలు ఒకటుంది. దాచింది కృపానందం, పూచీ పడింది మోషే. బిళ్ల తెచ్చి, దాచినవాడే సంతకం పెట్టి విడిపించుకోవాలి. ఎంత పెద్దవాళ్లు వచ్చి అడిగినా మరొకరికి ఇవ్వరు.

ఇప్పుడు నీ మాట. శనివారం పొద్దున కోత్ మూసి లేదు బావా. ఆ సందు మొదట్లో నిన్ను దిగబెట్టింది నేనే. తలుపు బార్లా తీసి ఉంది. హవల్దారు బయట బల్ల మీద కూర్చుని వేరుశనక్కాయలు తింటున్నాడు. నీకూ పెట్టాడట. తింటూ కాసేపు నిలబడి, దణ్ణం పెట్టి వెళ్లిపోయావని నిన్న నాతో చెప్పాడు. నువ్వు మతిమరుపు మనిషివి కావు.

ఏమైంది?

మోషే


మందపాలెం
28 జనవరి 1963

మోషే బావకు,

రాత్రి వాన. పొద్దున తెరిపి ఇచ్చింది. పాక కురుస్తున్న చోట తాటాకులు దోపాను.

కోత్ తెరిచే ఉంది.

పాలకాయతిప్ప వైపు ఉప్పునేల నీకు తెలుసు. ఏసుపాదం మావయ్య, మన పాలెం వాళ్లు కలిసి దానికి గట్టు వేసి, కాలవ చివరి నీళ్లు పెట్టి ఏళ్ల తరబడి ఉప్పు కడిగారు. గట్టు ఎన్నిసార్లు తెగిందో, ఎన్నిసార్లు వేశారో. ఈ ఏడు మొదటిసారి వరి పండింది. నరసింహారావు గారి పొలం దాని పక్కనే. ఆ నేల కూడా తనదేనంటారు. కాగితం ఎవరి దగ్గరా లేదు.

కోత అయి కుప్పలు వేశారు. ఈ వానకు తడిశాయి. తడి ఆరాలి, పైగా ఊళ్లో నూర్పులు అయితే గాని తొక్కించడానికి పశువులు దొరకవు. పశువులు తోలిన రోజున తుపాకి పట్టుకుని గట్టు మీద నిలబడమని నరసింహారావు గారు నాతో క్రిస్మసుకు ముందే అన్నారు. కాల్చనక్కర్లేదట. కనపడితే చాలట. కనపడితే మావయ్య వాళ్లు కుప్పలు వదిలేసి పోతారని ఆయన లెక్క.

మానేస్తానని చెప్పలేవా అంటావు. నేనుండే పాక ఆయన దొడ్లో ఉంది. ఆ పాక వదిలితే ఆనందమ్మను ఎక్కడ పెట్టను? మావయ్య ఇంట్లోనా? ఏ మొహంతో? అమ్మ పోయాక నిన్ను పెళ్లాడిన పిల్లనూ నన్నూ రెండు చంకల్లో ఎత్తుకుని తిప్పినవాడు ఆయన.

ఇన్నేళ్లలో నరసింహారావు గారు తుపాకి నా చేతికి ఇవ్వలేదు. అరుగు మీద పెట్టిస్తారు, నేను తీసుకుంటాను. తిరిగి అరుగు మీదే పెడతాను. తను మాత్రం ఏనాడూ మోయలేదు. తుపాకి ఉండడం వాళ్లకు గొప్ప. మోయడం చిన్నతనం. అందుకే నా పేరు.

ఆ శనివారం వేరుశనక్కాయలు తింటూ కోత్ లోపలికి చూశాను. వరసలో అది కనపడింది, ఎర్రదారంతో. నా చేతులు ఖాళీగా ఉన్నాయి. అలాగే స్టేషనుకు నడిచాను. ముందు అనుకుని చేసింది కాదు. రైలు కదిలాక మాత్రం దిగాలనిపించలేదు.

మావయ్య వాళ్ల నూర్పు అయ్యేదాకా అక్కడే ఉండనిస్తారా? ఇది చెల్లెలికి చదివి వినిపించకు.

కృపానందం


సప్లై డిపో, గుడివాడ
12 ఫిబ్రవరి 1963

కృపానందం బావకు,

నీ మాట వినలేదు. చదివి వినిపించాను. ఆమె అన్నం మానేసి కూర్చుంది.

నిన్న నరసింహారావు గారి తమ్ముడి కొడుకు జగన్మోహనరావు కారేసుకుని వచ్చాడు. మా పెదనాన్న తుపాకి ఇవ్వండన్నాడు. హవల్దారు బిళ్ల అడిగాడు. లేదన్నాడు. దాచినవాడు ఏడన్నాడు హవల్దారు. "వాడు మా పాలేరు, వాడితో పనేంటి" అన్నాడు. "మాకు వాడితోనే పని" అని హవల్దారు వేరుశనక్కాయలు ఒలుచుకున్నాడు. నీ తరఫున అది చూసి సంతోషించాను. ఆ సంతోషం కాసేపే. ఆ పిల్లవాడు నేరుగా కెప్టెన్ గారి దగ్గరికి వెళ్లాడు. కెప్టెన్ గారు నన్ను పిలిపించి, "నీ బావ తుపాకి ఇక్కడ దాచాడా, పారేసిపోయాడా?" అన్నారు. ఉన్న జవాబు చెప్పేది కాదు.

ఇంకా వినాలి నువ్వు. డిపో ఎత్తేస్తున్నారు. నెలాఖరుకు అస్సాం వైపు వెళ్తున్నాం. కోత్‌లో బయటివాళ్ల వస్తువు ఒక్కటి కూడా ఉండకూడదు. ఇరవై రెండో తారీఖులోగా నువ్వు విడిపించకపోతే తుపాకి పోలీసుల పరం చేస్తారు, పూచీ పడ్డవాడి మీద కాగితం పైకి వెళ్తుంది. ఈ ఏడు నాకు ప్రమోషన్ రావాలి. పసిపిల్లను ఇక్కడ వదిలి మంచులోకి పోతున్నవాడికి అదొక్కటే చేతిలో ఉంది.

మీ చెల్లెలు పోనీ పోలీసులకే ఇవ్వనీయండి అంటుంది. పోలీసుల దగ్గర నరసింహారావు గారికి పలుకుబడి ఉంటుందని ఆమెకు తెలియదు.

నువ్వు వస్తే గట్టు మీద నిలబడాలి. రాకపోతే నేను కెప్టెన్ గారి ముందు నిలబడాలి. ఏది చెయ్యమని రాయను? రా బావా. రమ్మని రాయడానికి సిగ్గుగానే ఉంది.

మోషే


మందపాలెం
24 ఫిబ్రవరి 1963

మోషే బావకు,

ఎండ. గాలి లేదు. ఆనందమ్మ బియ్యం చెరుగుతుంటే నూక వేరు చేసి డబ్బాలో పోశాను.

గురువారం కోత్ దగ్గర నేను చేసిన పని నీకు నచ్చలేదు. నీ మొహం చూశాను. నరసింహారావు గారు పక్కన ఉండగా మాట్లాడుకోవడం కుదరలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

ఆయన నన్ను ఒక్కణ్ణే పంపితే ఆగిపోతానని భయపడి తనే వెంట వచ్చారు. నాకు దారి దొరికింది అక్కడే. బిళ్ల ఇచ్చాను. సంతకం పెట్టాను. నీ పూచీ తీరిపోయింది. హవల్దారు తుపాకి చాపితే నేను చెయ్యి చాపలేదు. "లైసెన్సు గలాయన వీరేనండి, వారికే ఇవ్వండి" అన్నాను. కెప్టెన్ గారు చూస్తుండగా కాదనలేక ఆయన రెండు చేతులా పుచ్చుకున్నారు. పసిబిడ్డను ఎత్తుకోవడం రానివాళ్లు పట్టుకున్నట్టు పట్టుకున్నారు.

బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఎదుటి సీటు ముసలావిడ "నాయనా, ఆ గొట్టం అటు తిప్పుకో" అంది. తిప్పుకున్నారు. ఘంటసాల దాటాక నా వైపు చూశారు. నేను కిటికీలోంచి పొలాలు చూశాను. అడగడానికి ఆయనకు నోరు రాలేదు, అడగకుండా అందుకోవడానికి నాకు చెయ్యి రాలేదు. అవనిగడ్డలో బస్సు దిగి గూడుబండి ఎక్కేదాకా అంతే. బజారులో జనం ఆయన్ని చూశారు. ఆ దారిలో నేను సుఖపడ్డానని నీతో చెబితే తప్పు లేదనుకుంటాను.

ఆ సుఖం ఇంటి దగ్గర పోయింది. మీ హవల్దారు సుత్తి సంగతి ఆయనకు హిందీలో చెప్పాడు కదా. ఆయన "అచ్ఛా, అచ్ఛా" అన్నారు. ఆయనకు హిందీ రాదు. బండి దిగుతూనే ఎర్రదారం పీకి పారేశారు, చూడ్డానికి బాగాలేదని. తుపాకి అరుగు మీద పెట్టించలేదు. లోపలికి తీసుకుపోయారు. "నువ్వు నిలబడకపోతే గట్టు మీద నేనే కూర్చుంటాను. నాకు చేతకాదనుకున్నావా?" అన్నారు.

బుధవారం మావయ్య వాళ్లు పశువులు తోలుతున్నారు.

సుత్తి నిలవదని తెలిసినవాణ్ణి ఈ ఊళ్లో నేనొక్కణ్ణే. చెబితే, అయితే నువ్వే పట్టుకో అంటారు. చెప్పకపోతే గొట్టం ముందు ఎవరు ఉంటే వాళ్లు. కుర్చీలో కూర్చునే ఆయన కాలే కావచ్చు, మావయ్యే కావచ్చు, ఎద్దే కావచ్చు. తుపాకిని నా చేతిలోంచి తప్పించానని మురిసిపోయాను గాని దాన్ని తెలియని చేతిలో పెట్టాను.

రెండు రోజులుగా ఆయన గుమ్మం దాకా వెళ్లి తిరిగి వస్తున్నాను. ఆనందమ్మకు చెప్పలేదు. ఇది నీకు అందేసరికి బుధవారం వచ్చేస్తుంది. అయినా రాశాను. ఎవరికో ఒకరికి చెప్పాలి.

కృపానందం


గుడివాడ
1 మార్చి 1963

అన్నయ్యకు ఎలీసబెతు రాయునది.

ఆయన డిపోతోపాటు మంగళవారమే రైలెక్కారు. నీ ఉత్తరం బుధవారం వచ్చింది. పైన ఆయన పేరే ఉన్నా విప్పాను. చదువుతున్నంతసేపూ అక్కడ పశువులు తిరుగుతూ ఉంటాయని తెలుసు. పాప ఏడుస్తున్నా లేవలేకపోయాను. పక్కింటి సంతోషమ్మ వచ్చి ఎత్తుకుంది.

నాకు ఒక్కటి రాయి. మావయ్య ఎలా ఉన్నాడు? వాన, గాలి, గోనెలు తరవాత రాద్దువుగాని.

నువ్వు చెప్పే ఉంటావు. చెప్పకుండా ఉండలేవు. చెప్పాక నీకేమైందోనని కూడా భయంగా ఉంది. పాక ఖాళీ చెయ్యమంటే వదిన్ని తీసుకుని ఇక్కడికి వచ్చెయ్యి. నాకూ తోడుగా ఉంటుంది.

ఎలీసబెతు


మందపాలెం
6 మార్చి 1963

చెల్లెలు ఎలీసబెతుకు,

మావయ్య కులాసా. ఎవరికీ ఏమీ కాలేదు.

బుధవారం పొద్దున్నే చెబుదామని నరసింహారావు గారి గుమ్మానికి వెళ్లాను. అప్పటికే గట్టు మీదికి వెళ్లిపోయారు. కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఆయన ఇంకో పాలేరు రత్తయ్య గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. తుపాకి మోకాళ్ల మీద, గొట్టం కల్లం వైపు. పశువులు తిరుగుతున్నాయి. మావయ్య పగ్గం చివర ఉన్నాడు. ఎవరూ పారిపోలేదు. నేను గట్టు వెనక నుంచి పైకి ఎక్కుతుండగా మావయ్య గొంతు వినపడింది.

"అయ్యగారూ, ఈ ఎండలో మీకెందుకండీ కష్టం? మా కృపానందం ఉంటే మీరు నీడపట్టున ఉండేవారు గదా. మజ్జిగ పంపించమంటారా?"

ఆడవాళ్లు నవ్వుకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఆయనకు కోపం వచ్చింది. భయపెడదామని సుత్తి ఎత్తారు. సగం దాకా ఎత్తి ఆపారు. అక్కడ అది నిలవదని బొటనవేలికి తెలిసింది. నేను కుర్చీ వెనక్కి చేరేసరికి ఆ వేలు తెల్లగా పాలిపోయి ఉంది. వదిలితే పేలుతుంది. మొత్తం ఎత్తాలంటే జారిపోతుందని భయం. గొట్టం తిప్పాలన్నా అదే భయం. కల్లంలో అందరూ ఆయన్ని చూసి భయపడుతున్నారు. ఆయన మాత్రం తుపాకిని చూసి భయపడుతున్నారు.

తల తిప్పకుండా, పెదవులు కదలకుండా అన్నారు. "కృపానందం, ఇది నిలవట్లేదురా."

"నిలవదండి."

"నీకు తెలుసా?"

"తెలుసండి."

"చెప్పలేదేం?"

"చెబుదామనే వచ్చానండి. వేలు తియ్యకండి."

"చెమటకు జారుతోంది."

వంగి, ఆయన బొటనవేలి మీద నా బొటనవేలు పెట్టాను. ఇన్నేళ్లలో ఆయన్ని తాకడం అదే మొదలు. ఆయనకూ అది తెలిసింది. తియ్యండి అన్నాను. తియ్యలేదు. పాప నా వేలు పట్టుకున్నట్టే ఉంది. మళ్లీ అన్నాను. అప్పుడు కింద నుంచి వేలు లాక్కున్నారు. సుత్తి బరువంతా నా మీదికి వచ్చింది. గొట్టం సముద్రం వైపు తిప్పి, సుత్తి మెల్లిగా దించి, తుపాకిని మడత దగ్గర విరిచి తూటా తీశాను. తూటాను కుర్చీ చేతి మీద పెట్టాను. ఆయన తన చెయ్యి ఉత్తరీయానికి తుడుచుకుని, లేచి ఇంటికి నడిచారు. రత్తయ్య గొడుగు పట్టుకుని వెనకాల పరిగెత్తాడు. నూర్పు ఆపమని మాత్రం చెప్పలేదు. సాయంత్రానికి వడ్లు ఇళ్లకు చేరాయి.

ఇక్కడిదాకా చదివి నువ్వు సంతోషిస్తావు. మిగతాది కూడా రాయాలి.

తుపాకి ఆయన దగ్గర నుంచి తీసుకున్నాక నేను గట్టు మీదే ఉండిపోయాను. దాన్ని నేల మీద పెట్టి రాలేను, పిలవకుండా ఆయన వెనకే మోసుకుపోలేను, పశువులు తిరిగే చోటికి తీసుకుపోలేను. కుర్చీ చెయ్యి అడ్డం. మా వేళ్ల దగ్గర జరిగింది కల్లంలో ఎవరికీ కనపడలేదు. వాళ్లకు కనపడింది ఒక్కటే. కృపానందం వచ్చాడు, అయ్యగారి తుపాకి అందుకున్నాడు, అయ్యగారు ఇంటికి వెళ్లారు, నూర్పు అయ్యేదాకా కృపానందం గట్టు మీద నిలబడ్డాడు. మావయ్య ఒక్కసారి నా వైపు చూసి పగ్గం మరో చేతికి మార్చుకున్నాడు. మొన్న ఆదివారం గుడిలో ప్రార్థనకు నా చాప మీద ఎవరూ కూర్చోలేదు. చెప్పవచ్చు గదా అంటావు. మర్నాడే నరసింహారావు గారు పాక దగ్గరికి వచ్చి, దూరంగానే నిలబడి, "అది నీ దగ్గరే ఉంచు. తుడిచి పెట్టు. వచ్చే ఏటికి పనికొస్తుంది" అన్నారు. కాస్త ఆగి, "జరిగింది ఎక్కడా అనకు. అననంతకాలం ఈ పాక నీది" అన్నారు. రత్తయ్య కూడా ఎవరితోనూ అనలేదు. అతనికీ ఒక పాక ఉంది.

ఆనందమ్మను తీసుకుని నీ దగ్గరికి రమ్మన్నావు. లైసెన్సులో నా పేరు ఉన్నంతకాలం ఈ ఇనుమును వదిలి ఊరు దాటలేను. పేరు తీయించవలసింది ఆయనే. తియ్యరు. ఈసారి దాచడానికి మీ కోత్ కూడా లేదు. మీ ఆయన అస్సాం నుంచి ఉత్తరం రాస్తే నా కోసం పడ్డ పూచీ వల్ల ఇబ్బంది ఏమీ రాలేదు కదా అని కనుక్కో.

ఇక ఇవాళ్టి సంగతులు. సముద్రం వైపు నుంచి గాలి, నాలిక మీద ఉప్పు తెలిసేంత. దొడ్డి తలుపు కిర్రుమంటుంటే నూనెగుడ్డతో బందులు తుడిచాను. నూతి గిలకకు కూడా రాశాను. ఉన్న నూనె వాటికే అయిపోయింది. మళ్లీ తేలేదు. ఆనందమ్మ చేటకు అంచు కుట్టుకుంటోంది. ఆమె తల పైన మేకుకు తుపాకి వేలాడుతోంది. గేదెకు కుడితి పెట్టాను. కోళ్లను గంప కింద మూశాను. గాలికి ఎదురుగా ఉన్న కిటికీ తీసి ఉంచాను. నూనెగుడ్డ ఉతికి దండెం మీద ఆరవేశాను.

కృపానందం